హెచ్ఎస్‌సీలో (సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఇయర్ 12 బోర్డు పరీక్ష) ఏన్షియెంట్ హిస్టరీ: పాంపే, అగ్రిప్పినా, రోమ్ చక్రవర్తులు. ఎలా చదవాలి, మార్కులు ఎక్కడ పోతాయి?

వెంటీ_అమ్మ
అందరికీ నమస్కారం. మా పాప సిడ్నీలో ఇయర్ 10. ఇయర్ 11 సబ్జెక్టుల ఫారం నెలాఖరుకి ఇచ్చేయాలి. ఇంగ్లిష్, మ్యాథ్స్ అడ్వాన్స్‌డ్, కెమిస్ట్రీ, బయాలజీ, ఎకనామిక్స్ ఖాయం. ఆరోది ఏన్షియెంట్ హిస్టరీ కావాలని పట్టుబట్టింది, రోమ్ అంటే ఇష్టమట. ఇంట్లో మాకెవరికీ ఈ సబ్జెక్టు గురించి తెలీదు. పేపర్ ఎలా ఉంటుంది? బట్టీ ఎంత? యూనివర్సిటీ సీట్లకి చూసే ర్యాంకు, అదే ఏటార్‌కి దెబ్బా?

చరిత్ర_మాస్టారు
ముందు పేపర్ సంగతి చెప్తానమ్మా. ఇయర్ 12 పరీక్ష 3 గంటలు, దానికి ముందు ప్రశ్నలు చదువుకోవడానికి 5 నిమిషాలు. నాలుగు సెక్షన్లు, ఒక్కోటి 25 మార్కులు. అంటే సెక్షన్‌కి 45 నిమిషాలు, మార్కుకి 2 నిమిషాల కన్నా తక్కువే.

మొదటి సెక్షన్ రాష్ట్రమంతా అందరికీ ఒకటే: వెసూవియస్ నగరాలు, అంటే ఆ అగ్నిపర్వతం పేలి పూడ్చేసిన ఇటలీ ఊళ్ళు పాంపే, హెర్క్యులేనియం. ఫొటోలు, శాసనాలు, పాత రచనల ముక్కలు ఇచ్చి వాటి మీద ప్రశ్నలు అడుగుతారు. రెండోది ఒక ప్రాచీన సమాజం, చాలా స్కూళ్ళు గ్రీసులోని స్పార్టా పెడతాయి. మూడోది ఒక వ్యక్తి. రోమ్ వైపు నుంచి అగ్రిప్పినా ద యంగర్, జూలియస్ సీజర్ లాంటివాళ్ళు ఉంటారు. నాలుగోది ఒక కాలం మీద పెద్ద వ్యాసం. రోమ్‌లో అయితే రిపబ్లిక్ పతనం, ఆగస్టస్ యుగం, క్రీ.శ. 14 నుంచి 69 దాకా జూలియో-క్లాడియన్లు (టైబీరియస్ నుంచి నీరో దాకా ఏలిన రాజవంశం).

రోమ్ ఇష్టమని చేరుతున్న పాపకి ఒక సంగతి ముందే చెప్పండి. మొత్తం రోమే చదవడం కుదరదు, కనీసం రెండు ప్రాంతాలు ఉండాలన్నది నియమం. పైగా ఏ ఆప్షన్ చెప్పాలన్నది స్కూల్ నిర్ణయం, పిల్లలది కాదు. ఇదంతా 2017 సిలబస్ లెక్క. మీ పాప బ్యాచ్‌కి ఏది వర్తిస్తుందో రాష్ట్ర సిలబస్ బోర్డు నేసా సైట్‌లో చూసుకోండి.

లెక్కల_బాబాయ్
హిస్టరీ అంటే ఏటార్ కోసం మార్కుల్ని సర్దే స్కేలింగ్‌లో మునిగిపోతారని మన వాట్సాప్ గ్రూపులన్నీ కోడై కూస్తున్నాయి. ఫిజిక్స్ పెట్టించండి, గొడవ వదిలిపోతుంది.

చరిత్ర_మాస్టారు
స్కేలింగ్ సబ్జెక్టు పేరుని బట్టి జరగదు బాబాయ్. ఆ సబ్జెక్టు రాసిన పిల్లలు మిగతా సబ్జెక్టుల్లో ఎలా రాశారన్నదాన్ని బట్టి యూనివర్సిటీ అడ్మిషన్ల సంస్థ యూఏసీ ప్రతి ఏడాదీ కొత్తగా లెక్కేస్తుంది. ఫిజిక్స్‌ది సగటున పైనే ఉంటుంది, కాదనను. కానీ స్కేలింగ్ పైనున్న సబ్జెక్టులో తరగతిలో అట్టడుగున ఉంటే కలిసొచ్చేది ఏమీ ఉండదు. ఏటార్‌కి తీసుకునేది, సబ్జెక్టుకి 2 చొప్పున, 10 యూనిట్లు: ఇంగ్లిష్‌లో మంచి 2, మిగతావాటిలో మంచి 8. ఇయర్ 12 దాకా 12 యూనిట్లూ ఉంచుకుంటే తక్కువ వచ్చిన రెండూ లెక్కలోకే రావు.

ఇంకోటి, తుది మార్కులో సగం బోర్డు పరీక్ష, సగం స్కూల్ అసెస్‌మెంట్. స్కూల్ మార్కుల్ని బోర్డు పరీక్షలో ఆ స్కూల్ పిల్లలు చేసినదాన్ని బట్టి సర్దుతారు, ర్యాంకు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే క్లాసులో ఎన్నో ర్యాంకు అన్నది ముఖ్యం. ఇయర్ 12లో స్కూల్ టాస్కులు నాలుగుకి మించవు కాబట్టి ఒక్కటి చెడినా ర్యాంకు జారుతుంది.

ఇయర్12_గోల
సర్, నేను ఇప్పుడు చదువుతున్నా. పాంపే నోట్స్ 60 పేజీలు నోటికొచ్చు. చిన్న ప్రశ్నలకి ఫుల్ వస్తాయి, చివర 10, 15 మార్కుల ప్రశ్నకి సగమే వస్తున్నాయి. టీచర్ ప్రతిసారీ "వర్ణన ఎక్కువ, విశ్లేషణ తక్కువ" అని రాస్తారు. అంటే ఏం చెయ్యాలి?

ఉత్తరాయణి
తమ్ముడూ, నోట్స్ ఎలా రాశావన్న దగ్గరే తేడా వస్తుంది. "ఆహారం", "స్నానశాలలు", "మతం" అని శీర్షికల కింద సమాచారం పేర్చి ఉంటావు, పరీక్షలో అదే వరుసలో కక్కేస్తావు. దాన్ని మార్చు. ఒక ఆధారానికి ఒక కార్డు. కార్డు మీద నాలుగే గీతలు: అది ఏమిటి, ఎక్కడ దొరికింది, దాన్నిబట్టి ఏం అనుకోవచ్చు, ఏం అనుకోకూడదు. నాలుగో గీత లేని కార్డు పెద్ద ప్రశ్నకి పనికిరాదు.

ఉదాహరణకి "పాంపే సమాజంలో ఆడవాళ్ళ పాత్రని ఆధారాలు ఎంతవరకు చెప్పగలవు" అని అడిగారనుకో. సగం మార్కుల జవాబు ఇలా ఉంటుంది: "యుమాకియా ధనవంతురాలు. ఆమె పూజారిణి. ఫోరం (ఊరి నడిబొడ్డు చౌకు) దగ్గర పెద్ద భవనం కట్టించింది." మూడూ నిజమే, కానీ ప్రశ్నకి జవాబు కాదు.

మంచి పేరా ఇలా నడుస్తుంది: "డబ్బు, పూజారి పదవి ఉన్న స్త్రీ ఊరి ప్రజాజీవితంలో కనిపించగలిగిందనడానికి యుమాకియా భవన శాసనం గట్టి ఆధారం. తన పేరా, కొడుకు మార్కస్ న్యుమిస్ట్రియస్ ఫ్రాంటో పేరా, సొంత డబ్బుతో కట్టించానని అందులో చెప్పుకుంది. బట్టలు ఉతికి తెల్లబరిచే ఫుల్లోనుల సంఘం ఆమెకి విగ్రహం నిలబెట్టింది, కాబట్టి ఆ వృత్తివాళ్ళకి ఆమె పోషకురాలు అయి ఉండొచ్చు. అయితే ఇది పై వర్గం స్త్రీ తన గురించి తాను చెక్కించుకున్నది, మామూలు ఆడవాళ్ళ గురించి దీన్నుంచి తెలిసేది తక్కువ. అందుకు అసెల్లీనా మద్యం దుకాణం గోడ మీది ఎన్నికల రాతలు చూడాలి. ఓటు లేని ఆడవాళ్ళు ఫలానా అభ్యర్థిని ఎన్నుకోమని అడుగుతూ రాయించారు. ఓటు లేకపోయినా మాట చెల్లుబాటు ఉందన్నంతవరకే దాన్నుంచి చెప్పగలం, ఎంత చెల్లిందో చెప్పలేం."

రెండు ఆధారాలు ఒకదాన్నొకటి సరిచేస్తున్నాయి చూడు. "ఎంతవరకు" అన్న మాటకి ప్రతి పేరాలోనూ జవాబు పడింది.

పాతనాణెం
ఉత్తరాయణి గారి మాటకి ఇంకొకటి కలుపుతా. పేపర్‌లో ఇచ్చిన సోర్స్‌ని ముట్టుకోకుండా సొంత నోట్సే రాసేవాళ్ళు బోలెడు. "సోర్స్ ఏ, మీకు తెలిసినది వాడి" అని ఉంటే రెండూ ఉండాలి, ఒకటి లేకపోతే పై బ్యాండ్ మార్కుల తలుపు మూసేసినట్టే. సోర్స్‌ని వాడడమంటే "సోర్స్ ఏ చూపినట్టు" అని తగిలించడం కాదు. ఫొటోలో ఏది కనబడుతోందో పేరు పెట్టి చెప్పాలి: తిరగలి రాయి, పొయ్యి నోరు, గోడ మీద ఎర్ర అక్షరాలు.

ఇయర్12_గోల
థాంక్స్ అక్కా, థాంక్స్ అంకుల్. విస్ఫోటనం గురించి ఎంత లోతుగా రాయాలి? తేదీ ఆగస్టు 24 అని రాస్తే తప్పా?

చరిత్ర_మాస్టారు
"లావా పాంపేని కప్పేసింది" అని రాసే జవాబులు ప్రతి ఏడాదీ కనిపిస్తాయి. లావా కాదు. రెండు దశలు గుర్తుంచుకో.

మొదటిది ప్లీనియన్ దశ. బూడిద, వాయువుల స్తంభం 30 కిలోమీటర్ల పైకి లేచి గాలికి పాంపే వైపు ఒరిగింది. తేలికపాటి ప్యూమిస్ రాళ్ళు గంటల తరబడి కురిసి పాంపేలో దాదాపు 2.8 మీటర్లు పేరుకున్నాయి. ఈ దశలో చనిపోయినవాళ్ళు ఎక్కువగా కూలిన పైకప్పుల కింద పడినవాళ్ళు. గాలి అటు లేదు కాబట్టి హెర్క్యులేనియంలో రాళ్ళు కొద్దిగానే పడ్డాయి.

రెండోది పెలియన్ దశ. స్తంభం కూలి, మండే వాయువు, బూడిద కలిసి నేల మీద దూసుకొచ్చాయి. అర్ధరాత్రి దాటాక మొదటి తరంగం హెర్క్యులేనియాన్ని తాకింది. సముద్రం ఒడ్డున పడవల గదుల్లో తలదాచుకున్న దాదాపు 300 మంది అక్కడే పోయారు. 1980 దశకంలో తవ్వకాలు జరిగేదాకా ఊరివాళ్ళంతా తప్పించుకున్నారనే అనుకునేవారు. పాంపే లోపల మిగిలినవాళ్ళని చంపిన తరంగం మర్నాడు ఉదయం వచ్చింది.

పాంపేలో ప్లాస్టర్ అచ్చులు ఎందుకు వచ్చాయో కూడా ఇక్కడే ఉంది. సన్నబూడిద శరీరాల చుట్టూ గట్టిపడి, లోపలిది కుళ్ళిపోయి బోలు మిగిలింది. 1863లో తవ్వకాలు నడిపిన ఫియొరెల్లీ ఆ బోలులో ప్లాస్టర్ పోయించాడు. ప్యూమిస్ పొరలో పోయినవాళ్ళకి బోలు నిలవదు, ఎముకలే దొరుకుతాయి. హెర్క్యులేనియంలోనూ మిగిలింది ఎముకలే.

తేదీకి వస్తే, ఆగస్టు 24 అన్నది విస్ఫోటనాన్ని చూసిన రోమన్ రచయిత చిన్న ప్లినీ ఉత్తరాల రాతప్రతుల్లో ఉన్న తేదీ. 2018లో పాంపే ఊరి ఐదో రీజియన్‌లో గోడ మీద బొగ్గు రాత దొరికింది, మన లెక్కలో అక్టోబర్ 17. అందులో సంవత్సరం లేదు. బొగ్గు ఎక్కువకాలం నిలవదు కాబట్టి విస్ఫోటనానికి కాస్త ముందే రాసి ఉంటారని వాదన. శరదృతువు పళ్ళు, వాడుకలో ఉన్న కుంపట్లు అటే మొగ్గుతాయి. "సంప్రదాయంగా ఆగస్టు 24, ఇప్పటి ఆధారాలు శరదృతువు వైపు" అని ఒక్క వాక్యం చాలు. దాని మీద పేజీ ఖర్చుపెట్టకు.

బ్లాక్‌టౌన్_బావ
ఒక పేజీ ఎందుకు పెట్టకూడదు మాస్టారూ? "కొత్త పరిశోధన మన అవగాహనని ఎలా మార్చింది" అన్న ప్రశ్నకి ఇదే కదా దొరికేది!

చరిత్ర_మాస్టారు
ఆ ప్రశ్నకి ఇంతకంటే పదునైనవి ఉన్నాయి బావగారూ. బంగారు కంకణం ఇల్లు తీసుకోండి. కంకణం తొడుక్కున్న మనిషి, ఒడిలో పిల్లవాడు. దశాబ్దాల పాటు తల్లీబిడ్డ అన్నారు. 2024లో వెలువడిన డీఎన్ఏ ఫలితాల్లో ఆ మనిషి మగవాడని, పిల్లవాడికి రక్తసంబంధం లేదని తేలింది. నగ కనబడితే ఆడది, పిల్లాణ్ణి పట్టుకుంటే తల్లి అన్న మన ఊహ ఆధారం మీద ఎలా ఎక్కి కూర్చుందో ఆ ఒక్క ఉదాహరణలో తెలిసిపోతుంది. దానికి పక్కనే ఎస్టెల్ లేజర్ పని పెట్టాలి. ఆమె ఇక్కడ సిడ్నీ పండితురాలే. పాంపేలో పోయినవాళ్ళంతా ముసలివాళ్ళు, రోగులు, ఆడవాళ్ళు అన్న పాత మాటని ఎముకల లెక్కతో ప్రశ్నించింది, ఆ ఎముకల్లో మామూలు జనాభాయే కనబడుతోందని చూపింది. తర్వాత అచ్చులకి సీటీ స్కాన్లు తీయించిన బృందంలోనూ ఉంది.

మానవ అవశేషాలని ప్రదర్శించడం సబబా అన్న నైతిక ప్రశ్న కూడా సిలబస్‌లో ఉంది. ఈ రెండు ఉదాహరణలూ అక్కడా పనికొస్తాయి.

ఉత్తరాయణి
సంరక్షణ భాగాన్ని చివరి వారానికి వదిలేస్తారు పిల్లలు, అక్కడా 10 మార్కులు పోతాయి. తేదీలతో కార్డులు రాసుకోండి: 1997లో యునెస్కో గుర్తింపు, 2001 నుంచి హెర్క్యులేనియం పరిరక్షణ ప్రాజెక్టు (వాలెస్-హాడ్రిల్ నడిపాడు, డబ్బు ప్యాకార్డ్ సంస్థది), 2010 నవంబర్‌లో పాంపేలో స్కోలా ఆర్మటురారుమ్ అనే భవనం కూలడం, ఆ దుమారం తర్వాత యూరోపియన్ యూనియన్ సాయంతో 105 మిలియన్ యూరోల గ్రేట్ పాంపే ప్రాజెక్టు, 2024 నవంబర్ నుంచి రోజుకి 20,000 మంది సందర్శకులే అన్న పరిమితి. "టూరిస్టుల వల్ల నష్టం" అని ఊరికే రాయొద్దు. వానకి గోడలు తడిసి కూలడం, సరైన నీటి పారుదల లేకపోవడం, పాత మరమ్మతుల్లో వాడిన కాంక్రీటు, మొక్కల వేళ్ళు, ఇలా కారణం పేరు చెప్పి రాయాలి.

గుంటూరు_మిర్చి
పాంపేలో మన లక్ష్మీదేవి విగ్రహం దొరికిందంటారు, అది రాయొచ్చా?

పాతనాణెం
రాయొచ్చు, కానీ లక్ష్మి అని రాయొద్దు. 1938లో మైయురీ తవ్వకాల్లో, వియా దెల్ అబ్బొందాంజా వీధిలో ఒక ఇంట్లో దొరికిన దంతపు బొమ్మ అది. సుమారు 24 సెంటీమీటర్లు. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. నిండా నగలు, ఇరుపక్కలా ఇద్దరు చిన్న చెలికత్తెలు. మొదట లక్ష్మి అన్నారు, తర్వాత యక్షిణి అని ఎక్కువమంది ఒప్పుకున్నారు. తలలో రంధ్రం ఉంది కాబట్టి అద్దం పిడో, బల్ల కాలో అయి ఉంటుంది. అలాంటి దంతపు పని శాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్, తేర్ దగ్గర కూడా బయటపడింది, రెండూ ఇప్పటి మహారాష్ట్రలో ఉన్నాయి. ఆ శాతవాహనులే మన కృష్ణా లోయనీ ఏలారు కాబట్టి మనవాళ్ళకి మక్కువ సహజమే.

పరీక్షలో మాత్రం వాణిజ్యం ప్రశ్నకి ఒక్క వాక్యం. పాంపే వ్యాపారం అంటే ముందు అక్కడి సరుకు రాయాలి: ద్రాక్ష సారా, నూనె, గారుమ్ (పులియబెట్టిన చేపల పులుసు). గారుమ్ వ్యాపారి ఔలస్ ఉంబ్రికియస్ స్కారస్ తన ఇంటి నేల మీద గారుమ్ జాడీలని మొజాయిక్‌గా వేయించి, పైన "స్కారస్ గారుమ్" అని ప్రకటన రాయించుకున్నాడు. ఇంట్లో అడుగుపెట్టినవాడికి యజమాని డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో కాలికిందే తెలుస్తుంది.

వెంటీ_అమ్మ
చాలా థాంక్సండీ. ఆ అగ్రిప్పినా సంగతేమిటి? పాప స్కూల్‌లో అదే చెప్తారట.

పాతనాణెం
నీరో తల్లి. క్రీ.శ. 15లో పుట్టింది, 49లో సొంత బాబాయి క్లాడియస్‌ని పెళ్ళాడింది, 50లో ఆగస్టా బిరుదు, 54లో కొడుకుని గద్దెనెక్కించింది, 59లో ఆ కొడుకే చంపించాడు. కథ మహా రంజుగా ఉంటుంది, పిల్లలు చిక్కుకునేదీ అక్కడే. విషం పెట్టిన పుట్టగొడుగులు, కూలిపోయే పడవ అంటూ సీరియల్ ఎపిసోడ్లు రాసి వచ్చేస్తారు.

చదవాల్సింది ఆధారాల స్వభావం. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ ఆమె చనిపోయిన యాభై ఏళ్ళకి పైగా గడిచాక రాశాడు, పైగా 37 నుంచి 47 దాకా అతని పుస్తకాలు పోయాయి. అంటే కాలిగులా చెల్లెలిగా ఆమె జీవితానికి, 39లో ప్రవాసానికి టాసిటస్ కథనం లేదు, స్యుటోనియస్, డియో అనే మిగతా ప్రాచీన రచయితల మీదే ఆధారపడాలి. ఆమె రాసుకున్న జ్ఞాపకాలూ మిగల్లేదు. విషం గురించి టాసిటస్ పేర్లతో సహా ఖాయంగా చెప్తాడు, ఇంకో ప్రాచీన రచయిత జోసీఫస్ మాత్రం "కొందరంటారు" అని ఆగాడు. ఇద్దరినీ పక్కపక్కన పెడితే మంచి పేరా అవుతుంది.

అన్నిటికంటే గట్టిది నాణేలు. 54లో కొట్టిన బంగారు నాణెం మీద తల్లీకొడుకులు ఎదురెదురుగా ఉంటారు, ఇద్దరి ముఖాలూ ఒకే పరిమాణం. బొమ్మ వైపు రాత ఆమెది: అగ్రిప్పినా ఆగస్టా, దైవం క్లాడియస్ భార్య, నీరో సీజర్ తల్లి. చక్రవర్తి బిరుదులు వెనక వైపుకి వెళ్ళాయి. 55 నాణెం తిప్పి చూస్తే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు, నీరో ముందు, ఆమె వెనక నీడలా. ముందు వైపు రాత ఇప్పుడు నీరోది, ఆమెది వెనక్కి పోయింది. ఆ తర్వాత రోమ్ టంకశాల నాణేల మీద ఆమె కనబడదు. అదే 55లో ఆమె కాపలా దళాన్ని తీసేసి, రాజప్రాసాదం నుంచి పంపేశారని టాసిటస్ చెప్తాడు. ఈ ఒక్క విషయంలో అతని ద్వేషాన్ని పక్కనపెట్టినా, నాణెం అదే మాట చెప్తోంది.

బ్లాక్‌టౌన్_బావ
చివరి వ్యాసం ముందే రాసుకుని బట్టీ పట్టుకెళ్తే సరిపోదా? మనం ఇంటర్ చదివిందే అలా కదా.

ఉత్తరాయణి
సరిపోదు బావా. జూలియో-క్లాడియన్ల మీద ప్రశ్న "ప్రిటోరియన్ దళం (చక్రవర్తి అంగరక్షకులు) పాత్ర" కావచ్చు, "సెనేట్ క్షీణత" కావచ్చు, "రాజకుటుంబ స్త్రీలు" కావచ్చు. టైబీరియస్, కాలిగులా, క్లాడియస్, నీరో అని చక్రవర్తుల వరుసలో రాసుకెళ్ళిన బట్టీ వ్యాసం దేనికీ అతకదు.

అంశాల వారీగా తయారవ్వాలి. ప్రిటోరియన్ల మీద అయితే, 23లో దళాధిపతి సెజానస్ దళాన్నంతా ఒకే శిబిరంలోకి చేర్చడం, 41లో క్లాడియస్‌ని వాళ్ళే చక్రవర్తిని చెయ్యడం, మనిషికి 15,000 సెస్టెర్సులు ఇచ్చాడని స్యుటోనియస్ రాయడం, 54లో నీరో అదే స్థాయిలో ఇస్తానని మాటివ్వడం, 69లో గాల్బా చక్రవర్తి డబ్బివ్వనని పట్టుబట్టి ప్రాణం పోగొట్టుకోవడం. ఈ ఐదూ కలిపి చూస్తే గద్దెకి ధర ఎలా ఏర్పడిందో వాదన దానంతట అదే నిలబడుతుంది. వాదన ఒక్క వాక్యంలో మొదటి పేరాలో చెప్పేయాలి, ప్రతి పేరా మొదటి వాక్యం దానికి తగలాలి.

45 నిమిషాల్లో 5 ప్లానుకి, 37 రాతకి, 3 తేదీలూ పేర్లూ సరిచూసుకోడానికి. చేత్తో రాయాలి కాబట్టి వెయ్యి పదాల దగ్గర చెయ్యి ఆగుతుంది. ట్రయల్స్‌కి (బోర్డుకి ముందు స్కూల్ పెట్టే పరీక్షలు) రెండు నెలల ముందు నుంచి వారానికొకటి గడియారం పెట్టుకుని రాయించండి.

ఇయర్12_గోల
ప్రాచీన రచయితల కొటేషన్లు ఎన్ని గుర్తుపెట్టుకోవాలి?

ఉత్తరాయణి
ఒక్కో ఆప్షన్‌కి ఎనిమిదో పదో, ఒక్కోటి నాలుగైదు పదాలు మించకుండా. పెద్ద వాక్యం బట్టీ పట్టి ఒక మాట తప్పు రాసేకన్నా, టాసిటస్ ఏమన్నాడో సొంత మాటల్లో సరిగ్గా చెప్పడం నయం. ఆధునిక చరిత్రకారుల పేర్లు కూడా అంతే. వాళ్ళ వాదన ఏమిటో, నువ్వు ఒప్పుకుంటావో లేదో రాయకుండా పేరొక్కటే పడేస్తే మార్కు రాదు.

వెంటీ_అమ్మ
ఫారం ఇచ్చే ముందు స్కూల్‌ని ఏం అడగమంటారు?

చరిత్ర_మాస్టారు
నాలుగు అడగండమ్మా. ఇయర్ 12లో ఏ సమాజం, ఏ వ్యక్తి, ఏ కాలం చెప్తారు. అగ్రిప్పినా, జూలియో-క్లాడియన్లు రెండూ పెడితే సగం చదువు రెండుచోట్లా పనికొస్తుంది, అదే చాలా స్కూళ్ళ లెక్క. హిస్టారికల్ అనాలిసిస్ టాస్క్ ఎప్పుడు పడుతుంది, దానికి 20 నుంచి 30 శాతం వెయిటేజీ ఉంటుంది, కెమిస్ట్రీ డెప్త్ స్టడీతో ఒకే వారంలో పడకుండా చూసుకోవాలి. క్లాసులో ఎంతమంది ఉంటారు, ఆరేడుగురే అయితే సబ్జెక్టు రద్దయ్యే ప్రమాదం ఉంది. సబ్జెక్టు మార్చుకోడానికి ఇయర్ 11లో ఆఖరు తేదీ ఏది. ఇయర్ 11 మార్కులు ఏటార్‌లోకి రావు కాబట్టి మొదటి టర్మ్‌లో రెండు వ్యాసాలు రాయించి చూడండి. నచ్చకపోతే ఆ తేదీలోపు బయటికి రావచ్చు.

లెక్కల_బాబాయ్
సరే, ఫిజిక్స్ మాట వెనక్కి తీసుకోను గానీ, ఆ నాణేల ఫొటోలు ఎవరైనా పెట్టండి, చూస్తా.